నెల్లూరులో కారు డోర్ ప్యాడ్లకు పెయింట్ వేయించాలనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఆటోనగర్ వైపు కారు లోపలి ప్లాస్టిక్‌కి "కంపెనీ ఫినిష్" వేస్తామని రోజూ వాట్సాప్ స్టేటస్‌లు పెట్టే ఆయన దగ్గరికి ఎవరైనా పోదామనుకుంటుంటే, దయచేసి పోకండి. పేరు రాయను. ఎవరి గురించో అటు తిరిగేవాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది. రాశానంటే రేపు పొద్దున్నే ఫోన్ చేసి "అన్నా, మనం మనం మాట్లాడుకుందాం" అంటాడు. మాట్లాడుకోవడాలన్నీ అయిపోయాయి.

నాది పదేళ్లు దాటిన కారు. మన ఎండలకి డోర్ ప్యాడ్ల (డోర్ లోపలివైపు ప్లాస్టిక్ పలకల) మీదుండే మెత్తటి పూత బంకబంకగా తయారైంది. చెయ్యి ఆనిస్తే నల్లగా అంటుకునేది. నాలుగు ప్యాడ్లూ విప్పి, పాత పూత తీసేసి, ముదురు బూడిద రంగు వేయడానికి 6,500కి మాట్లాడుకున్నాం. 4,000 అడ్వాన్స్. అడగ్గానే తీసిచ్చాను మహారాజులాగా. బిల్లు సంగతేంటంటే "మన దగ్గర బిల్లులేంది అన్నా, మాటే బిల్లు" అన్నాడు. ఆ ముక్కకి నేను నవ్వాను కూడా!

అసలు కథ ఇక్కడ. చెప్పకుండా మధ్యాహ్నం పూట షెడ్డుకి వెళ్లాను. నా కారు నాలుగు డోర్లూ బోసిగా తెరుచుకుని ఉంది. ప్యాడ్ విప్పితే వెనక ఇనుప రేకుకి నల్ల బంకతో అంటించిన పాలిథిన్ షీట్ ఒకటి ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. అద్దం పైకీ కిందకీ కదిలే సందులోంచి వాన నీళ్లు డోర్ లోపలికి ఎలాగూ దిగుతాయి. దిగినవి డోర్ అడుగున ఉండే చిన్న రంధ్రాల్లోంచి రోడ్డు మీద పడాలి గానీ మన కాళ్ల దగ్గరికి రాకూడదు. ఆ షీట్ ఉండేది అందుకే. నా కారు ముందు డోర్లు రెండింటికీ అది లేదు.

పక్కనే వేరేవాళ్ల తెల్ల కారు బానెట్‌కి గన్ను పెట్టి కొడుతున్నారు. పెయింట్ పడకుండా దాని ముందు అద్దానికి మాస్కింగ్ టేపు వేసి ఏదో కవర్ కప్పారు. చూస్తే అది నా డోర్ షీట్. నాదేనని ఎలా తెలిసిందంటారా? లాకు కేబుల్ దూరే చీలిక, స్పీకర్ దగ్గర గుండ్రటి ఉబ్బు, అంచు చుట్టూ నల్ల బంక, ఆ బంకకి అతుక్కుని మా పాప అంటించిన స్టిక్కర్ ముక్క. ఎప్పుడో అద్దం సందులో వేస్తే లోపలికి జారిపోయిన స్టిక్కర్ అది. దాని మీద తెల్ల పెయింట్ తుంపర.

"ఇది నా కారుది కదా" అన్నాను.

ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "అది ప్యాకింగ్ కవర్ అన్నా. షోరూం వాళ్లు తీయడం మర్చిపోతారు. దాంతో నీకేం పని?"

పదేళ్లుగా ప్యాకింగ్ కూడా విప్పని కొత్త కారులో తిరుగుతున్నానన్నమాట నేను. ఆ షీట్ ఎందుకుంటుందో చెప్పబోయాను. అప్పుడు తల ఎత్తి, పనివాళ్లందరికీ వినపడేలా, "ఇంత తెలిసినోడివి నువ్వే గన్ను పట్టుకోవాల్సింది. మా ప్రాణం తీయడానికి ఈడికెందుకొచ్చినావు?" అన్నాడు. కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. నా వయసుకి కాకపోయినా అడ్వాన్స్ ఇచ్చిన డబ్బుకైనా కాస్త మర్యాద ఉండాలి కదా. డోర్లు విప్పి ఉన్న కారు, ఇచ్చేసిన డబ్బు. నోరు మూసుకుని వచ్చేశాను.

తెచ్చుకున్నాక మొదట్లో బాగానే మెరిసింది. తర్వాత ఒకరోజు సీటు బెల్టు బకిల్ తగిలిన చోట పెయింట్ కొంచెం లేచింది. గోరు పెట్టి లాగితే ఉల్లిపొరలా అరచేయంత వచ్చేసింది. కింద ప్లాస్టిక్ నున్నగా ఉంది. గరుకు పేపర్ పట్టి రుద్దిన గీత ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఒంగోలులో తెలిసిన పెయింటర్‌కి చూపించాను. ప్యాడ్ తీయబోతే రాలేదు. షెడ్డువాళ్లు క్లిప్పులు లాగి విరగ్గొట్టి, వాటి బదులు ప్యాడ్ ముఖం మీదే రెండు స్క్రూలు దింపి, వాటి నెత్తిన కూడా రంగు కొట్టారు. నేనేమో అది డిజైన్ అనుకున్నాను! మొత్తానికి విప్పి, వెనక్కి తిప్పి, అక్కడ అచ్చేసిన పీపీ అనే గుర్తు చూపించాడు. పాలీప్రొపిలీన్. మనం వాడే ప్లాస్టిక్ కుర్చీల సరుకే. దానికి పెయింట్ తనంతట తాను పట్టదు. ముందు సబ్బుతో కడగాలి, డ్యాష్‌బోర్డ్ పాలిష్‌లోని సిలికాన్ జిడ్డంతా పోయేలా తుడవాలి, సన్న గరుకు పేపర్ పట్టాలి, ఆ తర్వాత పీపీకి పనికొచ్చే ప్లాస్టిక్ ప్రైమర్ (రంగు పట్టేలా ముందు వేసే పూత) పలచగా కొట్టి, అప్పుడు రంగు వేయాలి. ఏబీఎస్ అనే ఇంకో రకం ప్లాస్టిక్‌కయితే పెయింట్ ఇంతకంటే తేలిగ్గా పడుతుందట, కానీ ఘాటు థిన్నర్ తగిలితే అది పగుళ్లిస్తుందట. నా ప్యాడ్లకి ఇవేవీ జరగలేదు. జిడ్డు మీదే బంగారం పూశారు.

ఇంతలో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాయి. మన జిల్లాకి అసలు వానలు ఇవేనని తెలిసిందే కదా. ఒక రాత్రి వానకి ముందు సీట్ల కింద కార్పెట్ పిండితే నీళ్లు. డ్రైవర్ వైపు అద్దం స్విచ్‌కి వైర్లు కలిసే కప్లర్‌లోకి తడి పోయి అద్దం సగంలో ఆగిపోయింది. ఫోన్ చేస్తే ఆ పెద్దమనిషి ఇచ్చిన సలహా: "వానలో ఎవరు తిప్పమన్నారన్నా కారు?"

నిజమే, నెల్లూరులో కార్లు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంట్లో మంచం మీద పడుకోబెట్టాలి.

వేయించక తప్పదనుకునేవాళ్లకి: విప్పకముందే ప్రతి డోరుకీ ఫోటోలు తీసుకోండి, ప్యాడ్ తీశాక షీట్ కనిపించేలా ఇంకొకటి. ఏ ప్రైమర్ వేస్తున్నారో డబ్బా చూపించమనండి. దిక్కులు చూస్తే కారు వెనక్కి తిప్పుకుని వచ్చేయండి. బిల్లు లేకుండా రూపాయి ఇవ్వద్దు. నాకు బిల్లు లేదు, ఫోన్‌పేలో కట్టిన రసీదూ వాట్సాప్ చాటూ ఉన్నాయి. వాటితోనే 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు పెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతాను. చెల్లించింది 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా లేదు. మిగతా 2,500 కోసం ఆయన ఇంకా మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు, దండం బొమ్మతో సహా.

ఒంగోలు పెయింటర్ వెనక డోర్ల ప్యాడ్లు బాగుచేయొచ్చన్నాడు. ముందువి స్క్రూ బొక్కల వల్ల పనికిరావట. పాత కార్లు విప్పి సామాను అమ్మేవాళ్లు ఒంగోలు, కావలి, గూడూరు వైపు ఎవరైనా తెలిస్తే చెప్పండి, మోడల్ వివరాలు మెసేజ్‌లో పంపుతాను. షీట్లతో సహా ఉంటే ఇంకా మంచిది.