కొండ మీద చల్లని బీరు: ఆరు వేసవుల వాడకం తర్వాత

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాల్లో ప్రతి వేసవిలోనూ నాలుగైదు రోజుల నడకకు వెళ్లే అలవాటు నాకుంది. ఈ ఆరేళ్లలో వీపుసంచిలో బీరును మామూలు క్యాన్లుగా, నీటిలో కలుపుకునే చిక్కటి సారంగా, చివరికి ఎండు హాప్స్‌గా (బీరుకు చేదునూ పరిమళాన్నీ ఇచ్చే పూలు) మోసి చూశాను. పన్నెండు కిలోల బరువుతో ఒక కనుమ ఎక్కి దిగిన సాయంత్రం ఒక గ్లాసు చల్లని బీరు మనిషికి ఎంత హాయినిస్తుందో అనుభవించినవాడిని కాబట్టి, ఈ విషయాన్ని వివరంగానే రాస్తున్నాను.

మా వంటింటి తూకం మీద 355 మిల్లీలీటర్ల క్యాన్ దాదాపు 370 గ్రాములు తూగుతుంది. అది 5 శాతం బీరైతే అందులో ఆల్కహాల్ 14 గ్రాములు మాత్రమే, తక్కినదంతా దాదాపు నీరే. అడుగడుగునా మంచు కరిగి వాగులు పారే కొండకు మనం వీపున నీళ్లు మోసుకెళుతున్నామన్నమాట. బరువు ఒక్కటే లెక్కయితే చిన్న సీసాడు విస్కీ చాలని తోటివారు చెబుతారు, కానీ నేను కోరుకునేది మత్తు కాదు. గొంతులో దిగే చల్లదనం, నాలుక మీద గ్యాస్ చురుకు, ఆ వెనుక మిగిలే హాప్స్ చేదు.

అందుకే నాలుగేళ్ల పాటు సారాన్నే ఎక్కువగా వాడాను. ఒక్కో ప్యాకెట్‌లో 50 మిల్లీలీటర్ల సారం ఉంటుంది, దాన్ని 473 మిల్లీలీటర్ల గ్యాస్ నీటిలో కలిపితే ఒక పెద్ద క్యానుకు సరిపడా బీరవుతుంది. గ్యాస్ పట్టే సీసా బరువు 220 గ్రాములు, ఒక్కో బీరుకు సారమూ పొడులూ కలిపి 60 గ్రాములు. నాలుగు బీర్లకు మొత్తం 460 గ్రాములవుతుంది. అదే పరిమాణం నాలుగు పెద్ద క్యాన్లలో మోస్తే రెండు కిలోలకు కాస్త తక్కువ.

సీసా మూత కింద ఒక చిన్న గిన్నె ఉంటుంది. వంటసోడా, నిమ్మ ఉప్పు అందులో తడిసి పొంగితే, వెలువడిన గ్యాస్ మాత్రమే కింది నీటిలోకి దిగుతుంది. 6 గ్రాముల వంటసోడాకు 5 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపితే సుమారు 3 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అర లీటరు మామూలు బీరులో ఉండేది రెండున్నర గ్రాములే కాబట్టి, కొంత వృథాగా పోయినా సరిపోతుంది. ఈ లెక్క తెలిశాక పొడులను ఇంట్లోనే తూచి పొట్లాలు కట్టుకుంటున్నాను. ఒత్తిడిని వదిలే కవాటం లేని సీసాలో మాత్రం ఎవరూ ఈ పని చేయకూడదు.

మొదటి ఏడాది నా బీరు చప్పగా ఉండడానికి కారణం సీసా కాదు, నీటి వేడి. సున్నా డిగ్రీల దగ్గర నీరు పట్టుకునే గ్యాస్, 20 డిగ్రీల దగ్గర పట్టుకునేదానికి దాదాపు రెట్టింపు. సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న థౌజండ్ ఐలాండ్ లేక్ దగ్గర, వడపోసిన నీటిని సీసాలో నింపి, మంచు దిబ్బ నీడలో అరగంట పాతిపెట్టి, వేళ్లు కొంకర్లు పోతున్నా రెండు నిమిషాలు నెమ్మదిగా ఊపిన రోజున మొదటిసారి అసలైన చురుకు తగిలింది. అలా ఊపేటప్పుడు సీసాను మరీ వంచితే గిన్నెలోని ఉప్పటి నీరు బీరులో పడుతుంది. నేను రెండు సీసాలు అలాగే పాడుచేసుకున్నాను. క్లోరిన్ బిళ్లల వాసన సారంలోని హాప్స్ పరిమళాన్ని చంపేస్తుంది కనుక నీటిని ఫిల్టర్‌తోనే శుభ్రం చేయాలి.

రుచి విషయానికొస్తే, లేత రంగు సారం చేదు బాగుంటుంది; ముదురు రంగుది మాడిన వాసన వేసి నాకు నచ్చలేదు. రెండింటిలోనూ నురగ నిలవదు. ఒకసారి కొన్న ప్యాకెట్లలో ఒకటి అతుకు దగ్గర కారి, బేర్ క్యానిస్టర్‌లోని (ఎలుగుబంట్లు తెరవలేని తిండి డబ్బా) చపాతీలన్నీ బీరు వాసన పట్టాయి. అప్పటి నుంచి ఒక్కో ప్యాకెట్‌నూ రెండు జిప్ కవర్లలో పెడుతున్నాను. ఖాళీ ప్యాకెట్ వాసన కూడా ఎలుగుబంటిని రప్పించగలదు కాబట్టి, అదీ క్యానిస్టర్‌లోకే వెళ్లాలి.

గత రెండేళ్లుగా నా మనసు హాప్స్ మీదికి మళ్లింది. రెండు గ్రాముల హాప్స్ గుళికలను పలుచని గుడ్డలో కట్టి, రాత్రంతా చల్లని నీటిలో నానబెట్టి, మర్నాటి సాయంత్రం ఆ నీటికి గ్యాస్ పట్టిస్తే బత్తాయి తొక్కను గిల్లినప్పటి వాసనతో, చక్కని చిరుచేదుతో పానీయం తయారవుతుంది. ఇందులో మద్యం ఉండదు. ఎత్తుకు చేరిన తొలి 48 గంటలు మద్యానికి దూరంగా ఉండమని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రయాణికులకు చెబుతుంది. ఒకసారి మొదటి రాత్రే బీరు తాగి తెల్లవార్లూ తలనొప్పితో కూర్చున్న నేను ఇప్పుడు తొలి రెండు సాయంత్రాలు వేయించిన పల్లీలతో ఈ హాప్స్ నీళ్లే తాగుతున్నాను. దీనికోసం నేను బరువు లెక్కే వేసుకోవడం లేదు.

ఒక్క రాత్రి నడకకైతే ఈ సరంజామా ఏదీ తీసుకెళ్లను. కాలిఫోర్నియాలోని చీకో పట్టణంలో 1980 నుంచి తయారవుతున్న సియెర్రా నెవాడా పేల్ ఏల్ క్యాన్ ఒకటి ఉన్ని మేజోడులో చుట్టి సంచి నడుమ పెట్టుకుంటాను. బస చేరగానే దాన్ని వాగులో రెండు రాళ్ల మధ్య కదలకుండా ఇరికించి, గుడారం వేసే పనిలో పడతాను. ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కావడంతో నురగ ఒక్కసారిగా పొంగుతుంది కాబట్టి, తెరిచేటప్పుడు గిన్నె దగ్గర పెట్టుకుంటాను. తాగాక మిగిలేది 13 గ్రాముల అల్యూమినియం. దాన్ని కాలితో నలిపి చెత్త సంచిలో వేసుకుని కిందికి తెచ్చేస్తాను.