జీర్ణనాళం స్లైడ్ల సెట్టు: డుయోడినం బాగుంది, ఇలియం మార్చాలి

ఎంబీబీఎస్ మొదటి ఏడాది హిస్టాలజీ (కణజాలాల అధ్యయనం) ప్రాక్టికల్స్ టెన్షన్‌తో ఈ మైక్రోస్కోపు స్లైడ్ల సెట్టు తెప్పించుకున్నాను. డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) స్లైడు చూడగానే పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందనిపించింది. సబ్‌మ్యూకోసాలో (లోపలి పొరకు కింద ఉండే పొరలో) శ్లేష్మం స్రవించే బ్రన్నర్ గ్రంథులు లేత రంగులో గుత్తులు గుత్తులుగా ఎంత స్పష్టంగా ఉన్నాయో! క్లాసులో ఎన్నిసార్లు విన్నా ఎక్కనిది ఒక్క చూపులో ఎక్కింది. జఠరం స్లైడులో ఆమ్లం స్రవించే గులాబీ రంగు పెరైటల్ కణాలు, గ్రంథి అడుగున ఎంజైములు స్రవించే ఊదారంగు చీఫ్ కణాలు 40ఎక్స్‌లో విడివిడిగా తెలుస్తాయి. పెద్దపేగులో విల్లై (వేళ్లలా పొడుచుకొచ్చే సన్నటి మొనలు) ఉండవు, నిండా శ్లేష్మం స్రవించే గాబ్లెట్ కణాలే. అదీ చక్కగా వచ్చింది. అన్నవాహిక ఫర్వాలేదు.

ఇలియం (చిన్నపేగు చివరి భాగం) మాత్రం నిరాశపరిచింది. కణజాలపు కోత మడతపడి పేయర్స్ ప్యాచ్ (పేగు గోడలోని లింఫ్ కణజాలపు గుంపు) సగమే కనిపిస్తోంది. ఇలియాన్ని మేం గుర్తుపట్టేదే దానితో కదా! ఆ ఒక్క స్లైడు మార్చిస్తే జూనియర్లకూ ఇదే కొనమంటాను.