ఫౌండేషన్ ఇయరా, నేరుగా డిగ్రీలోకా: రెండు దారుల మీద మా సమీక్ష

విదేశాల్లో బ్యాచిలర్స్ చదవాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, స్కూలు మార్కులతో నేరుగా డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరడం. రెండోది, ముందు ఒక ఏడాది ఫౌండేషన్ చదివి, అక్కడ అడిగిన మార్కులు తెచ్చుకుని ఆ తర్వాత డిగ్రీలో చేరడం. ఫౌండేషన్‌కి తక్కువ మార్కులతోనే ఆఫర్ లెటర్ వచ్చేస్తుంది కాబట్టి ఏజెంట్లకి పని తేలిక, కమీషనూ ఉంటుంది. దాంతో నేరుగా సీటు వచ్చే పిల్లలకి కూడా "ఫౌండేషన్ అయితే సేఫ్" అనే సలహా ఇచ్చేస్తుంటారు. ఇది మాకు అసలు నచ్చని విషయం.

మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం. ఫౌండేషన్ నిజంగా తీర్చే లోట్లు రెండే: ఆ దేశం లెక్క ప్రకారం స్కూలు చదువు సరిపోకపోవడం, ఎంచుకున్న కోర్సుకి తప్పనిసరి సబ్జెక్టు స్కూల్లో చదవకపోవడం. మార్కులు కాస్త తగ్గినవాళ్లకి కొంతవరకు ఉపయోగం. తక్కువైంది ఇంగ్లీషు ఒక్కటే అయితే దానికోసం ఏడాది, ఏడాది ఫీజు పోగొట్టుకోకూడదు.

ముందు బ్రిటన్ సంగతి, ఎందుకంటే అయోమయం ఎక్కువ అక్కడే. ఫౌండేషన్ అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు కోర్సులు నడుస్తాయి. మొదటిది డిగ్రీలో భాగంగానే ఉండే జీరో ఇయర్. కోర్సు పేరు చివర "విత్ ఫౌండేషన్ ఇయర్" అని ఉంటుంది, యూకాస్‌లో (బ్రిటన్ డిగ్రీలకి దరఖాస్తులు తీసుకునే ఉమ్మడి వేదిక) దానికి విడిగా కోడ్ ఉంటుంది, మొత్తం 4 ఏళ్ల కోర్సుగా దరఖాస్తు చేస్తారు. వీటిలో కొన్ని స్థానిక విద్యార్థులకే పరిమితం, అందుకని కోర్సు పేజీలో ఆ ముక్క ముందే చూసుకోవాలి. రెండోది ఇంటర్నేషనల్ ఫౌండేషన్, బయటి దేశాలవాళ్ల కోసమే పెట్టింది. కింగ్స్ కాలేజ్ లండన్, వారిక్ లాంటివి దీన్ని సొంతంగా నడుపుతాయి. చాలా యూనివర్సిటీల తరఫున కప్లాన్, ఇంటో, స్టడీ గ్రూప్, నావిటాస్ లాంటి సంస్థలు ఒప్పందం మీద నడుపుతాయి. బోర్డు మీద యూనివర్సిటీ పేరు కనిపించినా, పాఠం చెప్పేదీ ఫీజు తీసుకునేదీ ఆ సంస్థే కావచ్చు.

ఈ రెండో రకంలో చదవాల్సింది బ్రోషర్ కాదు, ప్రోగ్రెషన్ నిబంధనలు. ఫలానా డిగ్రీలోకి వెళ్లాలంటే ఫౌండేషన్‌లో ఎంత రావాలో చెప్పే పట్టిక అది. అందులో ఒక వరుస దాదాపు ఇలా ఉంటుంది: మొత్తం మీద 60 శాతం, గణితంలో 65, ఇంగ్లీషు మాడ్యూల్‌లో (కోర్సులో విడిగా మార్కులు వేసే ఒక భాగం) 60, రాతలో విడిగా 55కి తగ్గకూడదు. సర్టిఫికెట్ చేతికి రావడానికి 40 చాలు. దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే. 52 శాతం తెచ్చుకున్న విద్యార్థి పాసైనట్టే, కానీ తను వచ్చిన కోర్సులో సీటు లేనట్టే. అప్పుడు అదే యూనివర్సిటీలో వేరే కోర్సో, లేదంటే వేరే యూనివర్సిటీయో చూసుకోమంటారు. కాబట్టి "గ్యారంటీడ్ ప్రోగ్రెషన్" అన్న మాట కనబడగానే మూడు ప్రశ్నలు మెయిల్లో అడిగి, జవాబు కూడా మెయిల్లోనే తీసుకోండి. గ్యారంటీ నా కోర్సుకా, లేక ఏదో ఒక కోర్సుకా? సబ్జెక్టువారీగా కనీస మార్కులు ఎంతెంత? ఇంటర్వ్యూ, ప్రవేశ పరీక్ష, పోర్ట్‌ఫోలియో లాంటివి విడిగా ఉన్నాయా? కంప్యూటర్ సైన్స్, ఫార్మసీ, ఆర్కిటెక్చర్ కోర్సులకి మిగతావాటికంటే ఎక్కువ మార్కులు అడగడం మామూలే. మెడిసిన్ మీద ఆశతో ఫౌండేషన్‌లో చేరడం మాత్రం పెద్ద జూదం: సీట్లు అతి తక్కువ, ఫౌండేషన్ మార్కులు ఒప్పుకునే మెడికల్ స్కూళ్లూ తక్కువే.

ఇంకో ప్రశ్న కూడా ఉంది, దీన్ని ఎవరూ అడగరు. ఈ ఫౌండేషన్ సర్టిఫికెట్‌ని వేరే యూనివర్సిటీలు గుర్తిస్తాయా? ఎన్‌సీయూకే అనే యూనివర్సిటీల బృందం ఇచ్చే ఇంటర్నేషనల్ ఫౌండేషన్ ఇయర్ లాంటివి చాలా యూనివర్సిటీలకి పనికొచ్చేలా తయారైనవి. ఒక్క క్యాంపస్ కోసమే నడిచే ఫౌండేషన్ అయితే, మనసు మారినా మార్కులు తగ్గినా బయటికి దారి ఇరుకైపోతుంది. డిగ్రీలో భాగమైన జీరో ఇయర్‌దీ ఇదే బలహీనత. దాని బలం మరోచోట ఉంది: మొదటి రోజు నుంచీ యూనివర్సిటీ విద్యార్థే, అదే విభాగం, అవే ల్యాబులు, పైగా తర్వాతి ఏడాదికి వెళ్లడానికి అడిగే మార్కులు చాలాచోట్ల ప్రైవేటు ఫౌండేషన్ అడిగేవాటికంటే తక్కువ. రెండూ అందుబాటులో ఉంటే మేం జీరో ఇయర్‌నే తీసుకోమంటాం.

వీసా దగ్గర తేడాలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ ఖర్చు పెంచేవి అవే. విడిగా నడిచే ఫౌండేషన్ డిగ్రీ స్థాయికి కిందిది. అందుకని వీసా కోసం ఇంగ్లీషులో బీ1 స్థాయి (యూరప్ భాషా కొలతలో మధ్యస్థం, దానిపై మెట్టు బీ2) చాలు, కానీ పరీక్ష మాత్రం బ్రిటన్ ప్రభుత్వం ఆమోదించినదే రాయాలి, అంటే బ్రిటన్ వీసాల కోసమే పెట్టిన ఐఎల్ట్స్ ఫర్ యూకేవీఐ లాంటిది. మామూలు ఐఎల్ట్స్ అకడమిక్ రాసేసి, ఇది చెల్లదని తర్వాత తెలుసుకుని మళ్లీ ఫీజు కట్టేవాళ్లు ఉంటారు. డిగ్రీకి నేరుగా వెళ్తే బీ2 కావాలి, అయితే గుర్తింపు ఉన్న యూనివర్సిటీ తన పద్ధతిలోనే ఇంగ్లీషును అంచనా వేసుకోవచ్చు. పార్ట్ టైమ్ పని విషయంలో, యూనివర్సిటీలో డిగ్రీ చదివేవాళ్లకి టర్మ్ రోజుల్లో వారానికి 20 గంటలు, డిగ్రీకి కింది స్థాయికి 10 గంటలే. కొన్ని ప్రైవేటు కాలేజీల వీసా మీద అసలు పనే చేయకూడదు. ఫౌండేషన్‌కి ఒక వీసా, డిగ్రీకి ఇంకో వీసా అయితే దరఖాస్తు ఫీజు రెండుసార్లు కట్టాలి. వీసాతో పాటు వైద్య సేవల కోసం కట్టే హెల్త్ సర్‌ఛార్జి ఏడాదికి 776 పౌండ్లు, ఫౌండేషన్ ఏడాదికీ ఇది తప్పదు. బ్యాంకులో డబ్బు చూపించాల్సిన ప్రతి దరఖాస్తుకీ అది వరసగా 28 రోజులు నిలవుండాలి, మధ్యలో ఒక్కరోజు తగ్గినా తిరస్కరిస్తారు.

ఇక నేరుగా చేరడం. దీన్ని చూసి అనవసరంగా భయపడతారని మా అభిప్రాయం. ఇంగ్లండ్‌లో ఆనర్స్ డిగ్రీ సాధారణంగా 3 ఏళ్లు, 360 క్రెడిట్లు (చదువు పరిమాణానికి కొలత), ఏడాదికి 120. మొదటి సంవత్సరం మార్కులు చాలా యూనివర్సిటీల్లో చివరికి వచ్చే డిగ్రీ క్లాసు (ఫస్ట్, సెకండ్ లాంటి గ్రేడు) లెక్కలో కలపరు. పాసైతే చాలు, పాస్ మార్కు సాధారణంగా 40. అంటే కొత్త పద్ధతికి అలవాటు పడే వెసులుబాటు డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఉంది. "అలవాటు పడటానికి" అని చెప్పి అమ్మే ఫౌండేషన్ ఈ వెసులుబాటునే ఇంకో ఏడాది ఫీజుకి ఇస్తోంది. స్కాట్లాండ్‌లో డిగ్రీ 4 ఏళ్లు కాబట్టి మొదటి ఏడాది ఇంకా నెమ్మదిగా నడుస్తుంది. ఎలాగూ నాలుగేళ్లు పెట్టుబడి పెట్టేవాళ్లు ఇంగ్లండ్‌లో ఫౌండేషన్‌తో పాటు స్కాట్లాండ్‌లో నేరుగా చేరడాన్ని కూడా పక్కపక్కన పెట్టి చూడాలి. అక్కడైతే నాలుగేళ్లూ డిగ్రీ చదువే.

నేరుగా చేరినవాళ్లు తడబడేది తెలివి లేక కాదు. మొదటి సెమిస్టర్‌లో ముందుగా దెబ్బతీసేది రిఫరెన్సింగ్. ఎవరి వాక్యం ఎక్కడి నుంచి తీసుకున్నారో చూపకుండా వ్యాసం ఇస్తే అది కాపీ కిందే లెక్క, ఎంత బాగా రాసినా సున్నా పడొచ్చు. రెండోది, సొంతంగా చదవాల్సిన గంటలు. 20 క్రెడిట్ల మాడ్యూల్ అంటే మొత్తం 200 గంటల పని, క్లాసులో కూర్చునేది అందులో చిన్న భాగమే. మూడోది, తిరిగి రాసిన పరీక్షలో ఎన్ని వచ్చినా మార్కు సాధారణంగా 40 దగ్గరే ఆగిపోతుంది. ఈ మూడూ ముందే తెలిసి వెళ్తే చాలు. చేరేముందు వేసవిలో ఒక సబ్జెక్టు మీద 1,500 పదాల వ్యాసం ఆధారాలతో సహా రెండుమూడుసార్లు రాసి చూసుకున్నవాళ్లకి అక్టోబరు నెల తేలిగ్గా గడుస్తుంది.

ఇంగ్లీషు స్కోరు ఒక్కటే తగ్గితే ప్రీసెషనల్ కోర్సు, అంటే డిగ్రీకి ముందు చదివే చిన్న ఇంగ్లీషు కోర్సు అడగండి. ఐఎల్ట్స్‌లో అర మార్కు తగ్గితే ఆరేడు వారాలు, ఒక మార్కు తగ్గితే పది పన్నెండు వారాలు, వేసవిలోనే అయిపోతుంది, సెప్టెంబరులో డిగ్రీ మొదలవుతుంది. దీని గురించి అడక్కుండా ఫౌండేషన్ ఫీజు కట్టకండి.

ఆస్ట్రేలియాలో పద్ధతి మరోలా ఉంటుంది. అక్కడ ఫౌండేషన్ పన్నెండో తరగతికి బదులు, డిప్లొమా అయితే డిగ్రీ మొదటి సంవత్సరానికి బదులు. డిప్లొమా పూర్తిచేస్తే చాలా కోర్సుల్లో రెండో సంవత్సరంలోకి వెళ్లొచ్చు కాబట్టి, పన్నెండు పూర్తయినవాళ్లకి మార్కులు కొద్దిగా తగ్గితే ఏడాది పోకుండా కాపాడేది డిప్లొమానే. ఫౌండేషన్, డిగ్రీ రెండూ కలిపి ప్యాకేజీగా ఆఫర్ ఇచ్చి, ఒకే స్టూడెంట్ వీసా మీద నడిపే సౌకర్యం ఉంది, ఇది బ్రిటన్ కంటే హాయి. అయితే ఇందులో ఒక ముడి ఉంది. ప్రధాన కోర్సు మొదలై 6 నెలలు గడిచేదాకా విద్యాసంస్థ మారడానికి, వదిలిపెట్టే సంస్థ ఒప్పుకోవాలి. ప్యాకేజీలో ప్రధాన కోర్సంటే చివర ఉన్న డిగ్రీ. కాబట్టి ఫౌండేషన్ ఏడాది మొత్తం, ఆపైన డిగ్రీలో 6 నెలలు అక్కడే ఉన్నట్టు. చేరే కోర్సు పేరు క్రైకోస్ జాబితాలో (విదేశీ విద్యార్థులకి అనుమతి ఉన్న కోర్సుల ప్రభుత్వ జాబితా) ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి.

జర్మనీ వీటన్నింటికంటే వేరు. అక్కడ మీ స్కూలు సర్టిఫికెట్ జర్మన్ అబిటూర్‌కి (అక్కడి స్కూలు చివరి అర్హత) సమానం కాదని తేలితే స్టూడియన్‌కొల్లెగ్, అంటే డిగ్రీకి ముందు చదివే సన్నాహక కోర్సు తప్పనిసరి, ఇక్కడ ఇష్టాయిష్టాల ప్రసక్తే లేదు. ఎవరి సర్టిఫికెట్‌కి ఏ విలువో అనాబిన్ డేటాబేస్‌లో ఉంటుంది. రెండు సెమిస్టర్లు చదివి ఫెస్ట్‌స్టెల్లుంగ్స్‌ప్రూఫుంగ్ అనే పరీక్ష పాసవ్వాలి. ఇంజినీరింగ్, గణితం, సైన్సులకి టీ కోర్సు, మెడిసిన్, బయాలజీలకి ఎం కోర్సు, ఎకనామిక్స్ వైపు డబ్ల్యూ కోర్సు. డబ్ల్యూ చదివి ఇంజినీరింగ్‌కి వెళ్లడం కుదరదు, అందుకని చేరేముందే తేల్చుకోవాలి. ప్రభుత్వ స్టూడియన్‌కొల్లెగ్‌లో సాధారణంగా ట్యూషన్ ఫీజు ఉండదు, కానీ చేరాలంటే ప్రవేశ పరీక్ష ఉంది. బీ1 లేదా బీ2 స్థాయి జర్మన్ కావాలి, టీ కోర్సుకైతే గణితం కూడా అడుగుతారు. సీటు పోయేది ఎక్కువగా జర్మన్ దగ్గరే. భాషకి కనీసం ఎనిమిది, పది నెలలు ముందే పెట్టుకోవాలి. ప్రైవేటువి ఫీజు తీసుకుంటాయి, వాటిలో కొన్నింటి విద్యార్థులు చివరి పరీక్షని బయటి అభ్యర్థులుగా వేరేచోట రాయాల్సి వస్తుంది, ఈ ముక్క తప్పకుండా అడగాలి. సొంత దేశంలో ఒకటి రెండేళ్లు డిగ్రీ చదివినవాళ్లకి అదే సబ్జెక్టులో నేరుగా ప్రవేశం దొరికే అవకాశం చాలా దేశాలవాళ్లకి ఉంది. డబ్బు, సమయం రెండూ లెక్కేస్తే కొందరికి అదే మంచి దారి.

దరఖాస్తులు ఎలా పెట్టాలంటే: యూకాస్‌లో ఐదు ఎంపికలుంటాయి. జనవరి గడువులోపు నేరుగా చేరే కోర్సులకి మూడు నాలుగు వాడి, మిగిలినవి జీరో ఇయర్‌కి పెట్టండి. ప్రైవేటు ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌లకి సాధారణంగా యూకాస్‌తో పనిలేదు, విడిగా పెట్టుకోవచ్చు, ఆఫర్ త్వరగానే వస్తుంది. త్వరగా వచ్చిందని డిపాజిట్ కట్టేయకండి, డిగ్రీ ఆఫర్లు వచ్చేదాకా గడువు పొడిగించమని మెయిల్ పెట్టండి. డిపాజిట్ కడితే ఏ పరిస్థితిలో తిరిగి ఇస్తారో చదవండి: వీసా రాకపోతే ఇచ్చేవాళ్లు చాలామందే, మీ అంతట మీరు వేరే యూనివర్సిటీకి వెళ్తే ఇచ్చేవాళ్లు తక్కువ. ఫలితాలు అనుకున్నదానికంటే తగ్గినా యూకాస్‌లో జులై నుంచి అక్టోబరు దాకా నడిచే క్లియరింగ్‌లో (మిగిలిపోయిన సీట్లు నింపే దశ) నేరుగా సీట్లు దొరుకుతాయి, వీసాకి పట్టే వారాలు లెక్కేసుకుని ఆగస్టులోనే కదలాలి. అది కూడా కుదరకపోతే చాలా ఫౌండేషన్‌లకి జనవరి బ్యాచ్ ఉంటుంది. వాటిలో సెలవులు తక్కువ, చదువు రెండు టర్మ్‌ల్లో కుదించి చెబుతారు, గణితం బలంగా లేనివాళ్లకి ఆ వేగం కష్టం.