కత్తిని నిషేధించాలా, కొనేవాణ్ని ఆపాలా?

కత్తిపోట్లు తగ్గించాలని బ్రిటన్ చాలా తంటాలు పడింది. వాడిన దారుల్లో మొదటిది, అందరికీ తెలిసింది, ఆకారాన్ని బట్టి చేసే నిషేధం. 2016లో ఇంగ్లండ్, వేల్స్‌లో జాంబీ కత్తుల అమ్మకం ఆపేశారు. జాంబీ సినిమాల తరహాలో భయపెట్టేలా చేసిన పెద్ద కత్తులవి. హింసను రెచ్చగొట్టే రాతో బొమ్మో ఉంటేనే అది జాంబీ కత్తి అని చట్టంలో రాసుకున్నారు. ఇంకేముంది, ఆ రాతలు తీసేసి అదే సరుకు మళ్లీ అమ్ముకున్నారు. ఈ కంత పూడ్చడానికి 2024 సెప్టెంబరు దాకా పట్టింది. ఎనిమిది అంగుళాలు దాటిన బ్లేడు, వాడి మొన, వాటికి తోడు రంపపు పళ్లలాంటివి ఉంటే ఇప్పుడు ఇంట్లో ఉంచుకున్నా నేరమే. 2025 ఆగస్టు 1 నుంచి తిన్నని ఖడ్గాల్లాంటి నింజా కత్తులకూ అదే గతి. మంచిదే, వాటితో ఎవరికీ పనిలేదు. కానీ అక్కడి కత్తిపోటు హత్యల్లో ఎక్కువగా దొరికేది వంటింటి కత్తి. దాన్నీ నిషేధిస్తే ఉల్లిపాయలు దేంతో తరుగుతారు?

రెండోది వయసు తనిఖీ. పద్దెనిమిది నిండనివాళ్లకు కత్తులు అమ్మకూడదన్న చట్టం ఎప్పటినుంచో ఉంది. అయినా 2022లో వుల్వర్‌హాంప్టన్‌లో ఓ పదహారేళ్ల అబ్బాయి ప్రాణం తీసిన నింజా కత్తిని ఇంకో మైనరే ఆన్‌లైన్‌లో తెప్పించాడు, తల్లి గుర్తింపు కార్డు చూపించి పోస్టాఫీసులో తీసుకున్నాడు. 2024 జులైలో సౌత్‌పోర్ట్ డ్యాన్సు క్లాసులో ముగ్గురు చిన్నారుల్ని పొట్టన పెట్టుకున్న పదిహేడేళ్లవాడి చేతిలోది మామూలు వంటింటి కత్తి. అదీ ఆన్‌లైన్‌లో కొన్నదే. కార్డులోని ఫొటోనూ ఎదుటి ముఖాన్నీ పోల్చి చూసేవాడుంటే రెండింటినీ ఆపే వీలుండేది.

మూడోది స్కాట్లండ్ నగరం గ్లాస్గో పట్టిన దారి. అక్కడి పోలీసులు 2005లో హింస తగ్గించడానికే ఒక విభాగం పెట్టి, హింసను అంటురోగంలా చూడడం మొదలెట్టారు. 2008లో ముఠా కుర్రాళ్లను కోర్టు హాలుకు పిలిచి కూర్చోబెట్టారు, విచారణకు మాత్రం కాదు. మీరెవరో మాకు తెలుసని పోలీసులు చెప్పారు. కత్తిగాయాల సంగతి డాక్టరు చెప్పాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాట్లాడింది. మానేస్తామన్నవాళ్లకు ఓ ఫోను నంబరు ఇచ్చారు, చదువుకో పనికో సాయం అడగడానికి. పదేళ్లలో స్కాట్లండ్ హత్యలు సుమారు సగానికి పడిపోయాయి. శిక్షలూ సోదాలూ కూడా పెంచారు కాబట్టి ఘనతంతా మంచిమాటలదే అనలేం.

డబ్బు ఒక్కదానికే ఉందంటే నేను గ్లాస్గో దారికే పెడతాను. అది ఫలించేసరికి ఏళ్లు పడుతుంది. ఈలోగా కొనేటప్పుడోసారి, ఇంటికి తెచ్చిచ్చేటప్పుడోసారి ఫొటో కార్డు చూడాలన్న నిబంధన గట్టిగా అమలైతే చాలు. నిషేధాల జాబితా పొడిగించడం ఆ తర్వాతి పని.