రత్నం పెన్నూ జనతా వాచీయా, పార్కరూ సీకోయా: ఫొటోకు ఏ జత మేలు?

పర్లాకిమిడిలో మా ఇంటి ఉత్తరపు కిటికీ కింద పాత టేకు బల్ల ఒకటి ఉంది. బరంపురం నుంచి మా బావ వచ్చిన ఆదివారాల్లో ఆ బల్ల మీద కాఫీ గ్లాసులకు కూడా చోటుండదు. ఆయన సంచిలోంచి ముదురు ఎరుపు పార్కర్ 51 పెన్నూ, స్టీలు గొలుసుతో నీలం డయల్ ఉన్న సీకో 5 వాచీ బయటికి వస్తాయి. నేను నా వైపు నల్లటి ఎబొనైట్ (గట్టి రబ్బరు) రత్నం పెన్నునూ, తెల్ల డయల్ హెచ్‌ఎంటీ జనతానూ పెడతాను. పెన్ను పక్కన వాచీ ఉంచి ఫొటో తీయడం మా ఇద్దరికీ ఉన్న సరదా. ఎవరి జత మేలన్నది మూడేళ్లుగా తెగని తగవు. నా జతనే సమర్థించుకోవాలన్న పంతం కొంత పక్కన పెట్టి, రెండింటినీ ఒకే కిటికీ కింద, ఒకే ఫోనుతో తీసి చూసినప్పుడు తెలిసిన సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నా వైపు వాదనలో బలహీనమైనదాన్ని తీసేయాలి. రత్నం, జనతా రెండూ స్వదేశీ వస్తువులు కాబట్టి వాటిది సహజమైన జత అని చాలామంది అంటారు, నేనూ అన్నాను. రాజమండ్రిలో రత్నం పెన్నుల తయారీ 1932లో మొదలైంది. ఆ పెన్ను అందుకున్న గాంధీజీ మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది 1935లో. హెచ్‌ఎంటీ వాచీలు బెంగళూరులో తయారవడం 1961లో గానీ మొదలు కాలేదు, అదీ జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో. అంటే ఈ రెండు వస్తువుల మధ్య దాదాపు ముప్పై ఏళ్ల ఎడం ఉంది, పైగా జనతా లోపలి యంత్రానికి పుట్టిల్లు జపానే. ఆ లెక్కన బావ సీకో, నా జనతా దాయాదులవుతాయి. కాబట్టి దేశాన్నిబట్టి గానీ కాలాన్నిబట్టి గానీ జత కుదర్చడం మాటలకు బాగుంటుంది తప్ప ఫొటోలో కనిపించదు. ఫొటోలో కనిపించేది వెలుగును ఏ వస్తువు ఎలా తిప్పి పంపుతోందన్నది ఒక్కటే.

అసలు తేడా అక్కడే ఉంది. రబ్బరులో గంధకం బాగా కలిపి గంటల తరబడి వేడిచేస్తే గట్టిపడి ఎబొనైట్ అవుతుంది. దాన్ని లేతు యంత్రం మీద తిప్పి, మెరుగు పెట్టకుండా వదిలేస్తే పైభాగం వెలుగును మింగుతుంది. నా పెన్ను అలాంటిదే. దాని మీద పడిన కిటికీ వెలుగు ఒక మెత్తటి బూడిదరంగు చారగా పరుచుకుంటుంది, పెన్ను గుండ్రదనం ఆ చార వల్లనే తెలుస్తుంది. పక్కన జనతా స్టీలు అంచు మెరుస్తుంది కాబట్టి చూసేవారి కన్ను ముందు వాచీ మీద నిలిచి, తర్వాత పెన్ను వెంట పాళీ వరకూ సాగుతుంది. బావ జతలో రెండూ మెరిసేవే. పార్కర్ 51 ఒంటికి వాడిన అక్రిలిక్ ప్లాస్టిక్ అద్దంలా నున్నగా ఉంటుంది. దాని మీద కిటికీ చువ్వలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా పడతాయి. సీకో గొలుసులో ప్రతి లింకూ మరో చిన్న అద్దం. ఆయన తీసిన ఫొటోల్లో వస్తువులకన్నా మా ఇంటి కిటికీయే ఎక్కువ కనిపిస్తుందని నేనంటే, “మెరవనిదాన్ని ఫొటో తీయడం ఎందుకు బావా?” అని ఆయన నవ్వేస్తారు. జతలో ఒక్కటే మెరవాలి, రెండోది దానికి నీడలా ఉండాలి అన్నది నా లెక్క. ఈ లెక్క ఎబొనైట్‌కు మాత్రమే కాదు, మెరుగు పెట్టని ఏ పెన్నుకైనా, తోలు పట్టీ ఉన్న ఏ వాచీకైనా వర్తిస్తుంది.

అయితే అద్దం విషయంలో బావదే పైచేయి అని ఒప్పుకోవాలి. జనతా మీద ఉన్నది ఉబ్బుగా ఉండే ప్లాస్టిక్ అద్దం. ఆ ఉబ్బు వల్ల పైకప్పు, ఫోను, ఫోను పట్టుకున్న చెయ్యి అన్నీ అందులో చేరతాయి, వాచీని ఎటు వంచినా ఏదో ఒకటి మిగులుతుంది. పైగా అది త్వరగా గీతలు పడుతుంది. పళ్లపొడి పేస్టుతో మెత్తటి గుడ్డ పెట్టి రుద్దితే సన్నగీతలు పోతాయి కానీ లోతైనవి పోవు. సీకో అద్దం చదునుగా ఉండే గాజు కనుక ప్రతిబింబం మొత్తం ఒకే పలకగా పడుతుంది, వాచీని రవ్వంత వంచితే ఆ పలక మొత్తం తొలగిపోతుంది. నేను కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, ఫోను వెనక నల్ల గుడ్డ కట్టి, ఫోను కన్నుకు సరిపడా బెజ్జం చేసి అందులోంచి తీయడం. పోలరైజర్ (మెరుపు తగ్గించడానికి ఫోను కన్ను ముందు పెట్టే ఫిల్టరు) వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: అది గాజు మీది, ప్లాస్టిక్ మీది మెరుపును తగ్గిస్తుంది కానీ లోహం మీది మెరుపును తగ్గించలేదు.

సెకన్ల ముల్లు దగ్గర మాత్రం తగవే లేదు, జనతా గెలుస్తుంది. దగ్గరి ఫొటోల్లో పాళీ కొన నుంచి మూత చివరి వరకూ అంతా ఒకే ఫోకసులోకి రాదు కాబట్టి, ఫోకసు కొద్దికొద్దిగా జరుపుతూ ఏడెనిమిది ఫొటోలు తీసి తర్వాత ఒకటిగా కలపవలసి వస్తుంది. ఆ కాస్సేపట్లో సెకన్ల ముల్లు కదిలితే కలిపిన ఫొటోలో ఒక్క ముల్లు నాలుగు ముళ్లై దయ్యంలా కనిపిస్తుంది. జనతా కీ ఇచ్చే వాచీ. రెండు రోజులు కీ ఇవ్వకుండా వదిలేస్తే దానంతట అదే ఆగుతుంది, అప్పుడు ముళ్లను వాచీ ప్రకటనల్లో ఉండే పది గంటల పది నిమిషాల దగ్గర పెట్టుకుని మధ్యాహ్నమంతా తీరికగా పని చేసుకోవచ్చు. సెకన్ల ముల్లు ఎక్కడ ఆగుతుందన్నది మాత్రం మన అదృష్టం. సీకో 5లో పాతవాటికి కీ ఇచ్చే వీలు లేదు, పక్కనున్న బుడిపె లాగితే సెకన్ల ముల్లు ఆగే వీలూ లేదు. చేతి కదలికతోనే అది నడుస్తుంది, బల్ల మీద సర్దడానికి ఎత్తామా, మళ్లీ నడక మొదలుపెడుతుంది. దానికి తోడు వారం, తేదీ కిటికీలు ఉన్నాయి. రాత్రి పన్నెండు దాటిస్తూ ముళ్లు తిప్పినప్పుడు అంకె సగంలో ఆగిపోతే ఆ ఫొటో పనికిరాదు.

ఎత్తుల సంగతి తక్కువమంది పట్టించుకుంటారు. బల్ల మీద పడుకున్న పెన్ను లావు, దాని పక్కన పడుకున్న వాచీ మందం దగ్గరదగ్గరగా ఉంటే, పైనుంచి తీసినప్పుడు రెండూ ఒకే ఫోకసులోకి వస్తాయి. లావాటి ఎబొనైట్ పెన్నుకు జనతా అయినా సీకో అయినా సరిపోతుంది, సన్నటి పార్కర్‌కు జనతాయే దగ్గర. మూడో దారిగా కొందరు బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ వాడమంటారు. బుడిపె లాగితే ఆగిపోతుంది కదా అన్నది వారి మాట. అది నిజమే. కానీ టైటాన్ ఎడ్జ్ లాంటి 3.5 మిల్లీమీటర్ల పలుచటి వాచీని లావాటి పెన్ను పక్కన పెడితే వాచీ నేలకు అతుక్కుపోయినట్టు కనిపిస్తుంది, ఒకదాని ఫోకసు కుదిరితే రెండోది చెదురుతుంది. ఆ దారి గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

కింద ఏం పరవాలన్నది ఈ ప్రాంతపు వారికి తీయటి చిక్కు. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. నల్లటి కొమ్ముతో చేసిన పళ్లెం మీద నా జతను పెట్టి చూశాను. కొమ్ము మెరుగు మీద పెన్ను నీడ తలకిందులుగా పడి, నల్లటి పెన్ను నల్లటి పళ్లెంలో కలిసిపోయింది. అదే పళ్లెం బావగారి ఎర్ర పార్కర్‌కు ఎంత అందం తెచ్చిందో చెప్పలేను. బరంపురం పట్టుచీర అంచు మీద గుడి గోపురాల్లాంటి మొనలు వరుసగా ఉంటాయి, అది పరిస్తే ఎవరికైనా నోరూరుతుంది. కానీ పట్టు కూడా మెరిసేదే. పార్కరూ సీకోయూ పట్టూ మూడూ మెరిసిన ఆ ఫొటో పెళ్లి పందిరిలా ఉంది. మా అక్కయ్య అయితే చీర మీద సిరా పడుతుందేమోనని గదిలోంచి కదల్లేదు. చివరికి టేకు బల్లే రెండు జతలకూ సరిపోయింది.

వెలుగు విషయం క్లుప్తంగా చెబుతాను. మబ్బు పట్టిన రోజు పది గంటలప్పుడు, ఉత్తరపు కిటికీకి తెల్ల పంచె అడ్డం కట్టి తీసిన ఫొటోకు సాటి లేదు. రాత్రి చవక ఎల్‌ఈడీ బల్బుల కింద తీస్తే కొన్నిసార్లు ఫొటో నిండా అడ్డచారలు వస్తాయి. ఫోనును మరీ దగ్గరగా పెడితే గుండ్రటి డయల్ కోడిగుడ్డులా సాగుతుంది కనుక, కాస్త వెనక్కి జరిగి రెండింతలు జూమ్ చేసి తీయాలి. పాళీ మీది అక్షరాలు కనిపించాలంటే దానికెదురుగా తెల్ల అట్టముక్క పట్టాలి. ఈ చివరి సలహా నా జతకే పనికొస్తుంది, ఎందుకంటే పార్కర్ 51 పాళీ దాదాపు అంతా ముసుగులో ఉంటుంది. 1941లో అమ్మకానికి వచ్చిన ఆ పెన్నును మూత తీసి చూపించినా చూసేందుకు పెద్దగా ఏమీ ఉండదు, మూత పెట్టి బాణం క్లిప్పు కనిపించేలా ఉంచడమే దానికి న్యాయం.

ఇక భద్రపరచడంలో నా జత పెట్టే బాధలు తక్కువేమీ కాదు. ఎండ తగిలే చోట ఎబొనైట్‌ను వదిలేస్తే నెమ్మదిగా నలుపు పోయి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. వేడినీళ్లతో కడిగినా అదే గతి. అందులోని గంధకం వెండికి పడదు. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. మా తాతగారి వెండి గొలుసును రెండు ఎబొనైట్ పెన్నులతో కలిపి ఒకే రేకు పెట్టెలో పెట్టి, ఏడాది తర్వాత తీస్తే అది బొగ్గులా నల్లబడి ఉంది. జనతా స్టీలుకు ఆ బాధ లేదు, అయినా ఇప్పుడు వేరువేరు పెట్టెల్లోనే ఉంచుతున్నాను. బావకు మరో రకం బాధ: గోపాల్‌పూర్ సముద్రం ఆయన ఇంటికి ఎంతో దూరం లేదు, ఉప్పుగాలికి గొలుసు లింకుల మధ్య మురికి పట్టి గట్టిపడుతుంది. ఇద్దరికీ పొంచి ఉన్న ప్రమాదం అయస్కాంతం. మూతకు అయస్కాంతం ఉన్న అందమైన పెన్ను పెట్టెలు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిలో వాచీని కూడా పెడితే లోపలి సన్న స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ ఉన్నట్టుండి ముందుకు పరుగెత్తవచ్చు. ఫొటో తీసేటప్పుడు వాచీని ఫోను మీద ఆనించకపోవడమూ మంచిదే.

కొనుగోలులో ఏది తేలిక అంటే, పెన్ను వరకు నాది, వాచీ వరకు ఎవరిదీ కాదు. నౌపడ మీదుగా రాజమండ్రి వెళ్లి పాళీతో స్వయంగా రాసి చూసి ఎబొనైట్ పెన్ను తెచ్చుకోవచ్చు. జనతా పేరుతో అమ్మేవాటిలో మాత్రం డయల్‌కు కొత్తగా రంగు వేసినవి కుప్పలు. నేను మొదట ఒక అమ్మకందారు దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నది అలాంటిదే. ఫోనులో పెద్దది చేసి చూస్తే అక్షరాల అంచులు పాకినట్టున్నాయి, గంటల గుర్తులు నిమిషాల గీతలకు ఎదురుగా లేవు. ఫొటోలు తీసే అలవాటు వల్ల కలిగిన లాభం ఇదొక్కటి, మోసం ముందు కెమెరాకే తెలుస్తుంది. పాత సీకోలదీ ఇదే కథ. పార్కర్ 51 కొనేవారు 1948 తర్వాత వచ్చిన, రేకు గొట్టంలో మెత్తటి సిరాతిత్తి ఉన్న రకం చూసుకుంటే మరమ్మతుల బెడద తక్కువ.

రాసుకోవడానికి అయితే పార్కరే మేలు, అందులో నాకు సందేహం లేదు. డ్రాపరుతో సిరా నింపే నా పెన్నులో సిరా సగానికి తగ్గాక, వేసవిలో చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి పాళీ దగ్గర బొట్టు కారుస్తుంది. మే నెలలో దాన్ని చొక్కా జేబులో పెట్టుకునే ధైర్యం నాకు లేదు.

పోయిన వర్షాకాలంలో తగవు మధ్యలో జతలు మార్చి చూశాం. నా రత్నం పక్కన ఆయన సీకోను ఉంచితే ఒకటే మెరవాలన్న లెక్క బాగానే కుదిరింది, కానీ ముల్లు మళ్లీ నాలుగు ముళ్లయింది. ఆయన పార్కర్ పక్కన తోలు పట్టీతో నా జనతాను పెట్టినప్పుడు మాత్రం ఇద్దరం మాట్లాడలేదు. పార్కర్ మూత గరుకు మెరుగు ఉన్న స్టీలు కనుక వెలుగును చల్లగా పరిచింది, ఎర్రటి ఒళ్లు మాత్రం కిటికీని పట్టుకుంది, తెల్ల డయల్ రెండింటి మధ్యా నిలిచింది. నా జతకన్నా అది బాగుందని నేను ఇంకా ఒప్పుకోలేదు. బావ మాత్రం వెళ్లేటప్పుడు జనతాను రెండు వారాలకు అడిగి తీసుకెళ్లారు, ఇంకా తిరిగి ఇవ్వలేదు.