పీసీ డ్రిప్పర్: మిట్టన చెట్టుకి నీళ్లు ఎక్కించింది, కానీ విప్పనియ్యదు

డ్రిప్ అంటే ఏంది, సబ్సిడీ ఎట్ల వస్తాది, అప్లికేషన్ యాడ పెట్టాల అనేది అనంతపురం జిల్లాలో చిన్నపిల్లోన్ని అడిగినా చెప్తాడు, 2003లో మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు మొదలైనప్పటి నుంచి చూస్తానే ఉన్నాం, అదంతా వదిలేస్తా. నేను రాసేది ఒక్క డ్రిప్పర్ గురించే, అంటే పైపుకి బిగించి చెట్టు మొదట్లో నీళ్లు కొంచెం కొంచెంగా వదిలే చిన్న బిళ్ల గురించే. ప్రెషర్ కాంపన్సేటింగ్ అని పెద్ద పేరు, పీసీ అంటే అంగట్లో ఇస్తారు.

మాది నార్పల వైపు చీనీ (బత్తాయి) తోట. ఒక పక్క మిట్ట, ఒక పక్క పల్లం, పై వరుసకీ కింది వరుసకీ నిలువు ఎత్తే ఐదు మీటర్లు ఉంటాది. పది మీటర్లు ఎక్కితే దాదాపు ఒక కేజీ ప్రెషర్ పోతాది కాబట్టి మాకు అర కేజీ తేడా. మామూలు డ్రిప్పర్‌కి ప్రెషర్ రెట్టింపైతే నీళ్లు 1.4 రెట్లు అవుతాయి, మా బోరు లాగా తక్కువ ప్రెషర్ మీద నడిచే చోట ఆ అర కేజీ చాలు తోటని రెండు ముక్కలు చెయ్యడానికి. పల్లంలో మొదలు కాడ ఎప్పుడూ తడే, బంక తెగులు. మిట్టన ఎండాకాలం వస్తే ఆకు వడలిపోయేది. ఒకే బోరు, ఒకే పైపు, ఒకే ఎరువు!

పీసీలు వేసినాక ఇది పోయింది, నిజంగా పోయింది. లోపల సన్న రబ్బరు బిళ్ల ఉంటాది, ప్రెషర్ ఎక్కువైతే అది వంగి నీళ్ల దారిని ఇరుకు చేస్తాది, తగ్గితే వెనక్కి వచ్చి దారి ఇస్తాది, కరెంటు లేదు, సెన్సార్ లేదు. నేను వేసింది గంటకి 8 లీటర్లది, అంటే నిమిషానికి 130 మిల్లీ పైన రావాల. బాటిల్ పట్టి చూస్తే మిట్టనా అంతే, పల్లంలోనూ అంతే. మా నాయన నమ్మలేదు, బాటిల్ ఆయనే పట్టి చూసినాడు. రాత్రి కరెంటు రోజుల్లో టార్చిలైటు పట్టుకుని పాముల మధ్య కాలవ నీళ్లకి మడవ తిప్పిన మనిషి కదా, తోటలోకి పోకుండానే చివరి చెట్టుకి నీళ్లు పోతాయంటే ఎట్ల నమ్ముతాడు.

ఇంక అసలు కథ. ఒక ఎండాకాలం మధ్య వరుసల్లో అక్కడొక చెట్టు ఇక్కడొక చెట్టు పసుపు పట్టడం మొదలైంది. పల్లమూ కాదు మిట్టా కాదు, ఒక లెక్కా లేదు. జింకు లోపమని ఒకరు, నల్లి అని ఒకరు, మందులు కొట్టినాం. మా అక్క కొడుకు ఆకుల చెత్త పక్కకి తీసి చూస్తే కొన్ని డ్రిప్పర్లు చుక్క చుక్కగా, కొన్ని అదీ లేకుండా ఉన్నాయి. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ఇంట్లో బిందె అడుగున తెల్లగా అట్ట కడతాది, అదే డ్రిప్పర్ మూతి కాడ కూడా కట్టింది. మోటారు ఆపినప్పుడు అక్కడ మిగిలిన నీళ్లు ఆరిపోయి సున్నం మిగుల్తాది, అట్ల రోజూ.

సరే కడుగుదాం అంటే నేను కొన్న రకం సీల్ చేసింది, విప్పొచ్చేది కాదు. కటింగ్ ప్లేయర్‌తో పగలగొట్టి చూస్తే రబ్బరు బిళ్ల మీద కూడా తెల్లపొడి. బిగించిపోయిన వాళ్లకి ఫోన్ చేస్తే ఈ వారం, వచ్చే వారం అన్నారు, ఎండాకాలం అయిపోయింది. పైపుల్లో యాసిడ్ పంపిస్తే సగం తెరుచుకున్నాయి, మిగతావి పారేసి కొత్తవి కొన్నా. అదే టైంలో మా పక్క తోటాయన గెనెం (గట్టు) మీద కూర్చుని, మామూలు చవక డ్రిప్పర్ మూత తిప్పి తీసి, తుమ్మ ముల్లుతో గీకి, నోటితో ఊది మళ్లీ పెట్టుకుంటా ఉన్నాడు. ఆ రోజు నాకు ఎంత కడుపుమంటగా ఉండిందో చెప్పలేను.

ఇజ్రాయెల్‌లో సిమ్కా బ్లాస్ అనే ఇంజనీరు చేసిన డ్రిప్పర్‌లో తెలివి అంతా ఇక్కడే ఉండాది, సన్న బెజ్జం పెడితే పూడిపోతాదని, బెజ్జం పెద్దగానే ఉంచి దారిని పొడుగు చేసి నీళ్లని నిదానం చేసినాడు. 1965లో హట్జెరీమ్ అనే కిబ్బుట్జ్‌లో, అంటే అందరూ కలిసి సేద్యం చేసుకునే ఊర్లో, దాని కంపెనీ మొదలైంది. అంటే పూడిపోవడం అనేది అప్పటి నుంచే తెలిసిన జబ్బు. ఇన్నేండ్ల తరువాత కూడా రైతు చేత్తో విప్పే వీలు లేకుండా ఎందుకు అమ్ముతారప్పా? విప్పే పీసీలు కూడా ఉన్నాయంట, మా అంగట్లో మాత్రం నాకు దొరకలేదు.

ఇదంతా చదివి డ్రిప్‌తో నీళ్లు ఆదా అనుకుంటే కొంచెం ఆగండి. చెట్టుకి పోయే నీళ్లు తగ్గిన మాట నిజం. మిగిలిన నీళ్లతో మా చుట్టుపక్కల అందరూ ఇంకో ఎకరా, ఇంకో రెండెకరాలు పెంచినారు, బోరు మాత్రం పొద్దంతా ఆడతానే ఉండాది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లాలో భూమిలోకి ఎంత మిగిలిందంటే నేను గట్టిగా చెప్పలేను. డ్రిప్పర్లు బిగించే పాత లేటరల్ పైపులు కూడా పాత సామాన్లోడు కేజీల లెక్కన తీసుకుంటే సరి, లేకుంటే గెనెం మీదే పడుంటాయి.

ఇప్పుడు నేను మిట్టన పీసీలే ఉంచినా, పల్లంలో చదునుగా ఉన్న వరుసలకి విప్పే మామూలు రకం వేసి, ప్రెషర్ తగ్గేటట్టు గేటు వాల్వు కొంచెం తిప్పి పెట్టుకున్నా. మీది చదును నేల అయితే పీసీకి ఎక్కువ డబ్బు పెట్టే పని లేదనుకుంటా, నీళ్లు మంచివైతే నాకొచ్చిన తిప్పలు మీకు రాకపోవచ్చు కూడా. నాకైతే ఎండ్ క్యాపులు విప్పి పైపులు కడగడానికి, నెలకోసారి బాటిల్ పట్టడానికి మా అక్క కొడుకు ఉన్నాడు, వాడు బెంగళూరు పోతే అప్పుడు మళ్లీ ఆలోచించాల.