లివర్ క్యాబిన్, ప్యానెల్: రెండూ వాడిన స్టేషన్ మాస్టర్ సమీక్ష

కాజీపేట నుంచి బల్లార్షా వైపు వెళ్లే లైన్లో, చిన్న స్టేషన్లలోనే నా సర్వీసంతా గడిచింది. మొదటి సగం లివర్ క్యాబిన్లతో, అంటే చేత్తో లివర్లు లాగి పాయింట్లు, సిగ్నళ్లు మార్చే గదులతో; మిగతాది ప్యానెల్‌తో, అంటే అదే పని బటన్లతో చేసే బోర్డుతో. "ఇప్పుడు పనేముంది సార్, బటన్ నొక్కుడే కదా" అనే కొత్త ఏఎస్ఎంల (అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ల) కోసం ఇది రాస్తున్నా.

1929లో ఈ లైను పూర్తయినప్పటి నుంచి ఢిల్లీ–చెన్నై బండ్లకు ఇదే దారి. రామగుండం వైపు నుంచి బొగ్గు గూడ్సు వస్తుంది, దాని వెనకే ఏదో ఒక ఎక్స్‌ప్రెస్. గూడ్సును పక్క లైనైన లూప్‌లో పెట్టి ఎక్స్‌ప్రెస్‌ను మెయిన్‌లో వదలడమే మా పనిలో సగం.

లివర్ల రోజుల పని ముందు చెప్తా. వెనక స్టేషన్ వాళ్లు బ్లాక్ బెల్ కొట్టి లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి, అడుగుతారు. అంతకుముందు వచ్చిన బండి చివరి పెట్టె మీద ఎల్వీ (లాస్ట్ వెహికల్) బోర్డు మా కళ్లతో చూసి ఉండాలి. అది కనబడిందంటే బండి మధ్యలో తెగకుండా మొత్తం వచ్చినట్టు. అప్పుడే బ్లాక్ యంత్రం హ్యాండిల్ తిప్పుతాం. మేం తిప్పనిదే అక్కడ వాళ్ల చివరి సిగ్నల్ రాదు. తర్వాత క్యాబిన్‌కు ఫోన్ చేసి "లూప్" అని చెప్పి, మాట ఖాయమైనదానికి గుర్తుగా ప్రైవేట్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటాం. వాడిన నంబరు అక్కడికక్కడే కొట్టేయాలి. నా గదిలోంచి నేను స్లైడ్, అంటే అనుమతి మీట, ఇస్తేనే క్యాబిన్‌లో ఆ సిగ్నల్ లివర్ వదులుతుంది.

లివర్‌మన్ ముందు నల్ల లివర్‌తో పాయింటు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాల జోడు) తిప్పి, నీలం లివర్‌తో దానికి తాళం వేస్తాడు. ఆ తర్వాతే బండిని స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ ఎర్ర లివర్ కదులుతుంది. వరస తప్పితే పహిల్వాన్ వచ్చి లాగినా రాదు. లివర్ల కింద గాడులు కోసిన ఇనుప పట్టీలు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి మరి. సిగ్నల్ ఇచ్చి ఉండగా పాయింటు తిప్పడం కుదరదు. పాయింటు మీద బండి ఉంటే నీలం లివర్ కూడా మొరాయిస్తుంది. తాళం తీయాలంటే పట్టా పక్కనున్న లాక్ బార్ పైకి లేవాలి, చక్రం దాన్ని లేవనివ్వదు. ఇంత పనిలో కరెంటు ఊసే లేదు! ఈ విషయంలో క్యాబిన్‌కు పూర్తి మార్కులు.

ఎండాకాలం వస్తే మాత్రం నరకం. ఆ ఎండలకు సిగ్నల్‌ను లాగే సింగిల్ వైరు సాగి, లివర్ మొత్తం లాగినా సిగ్నల్ చెయ్యి సగమే వాలేది. డ్రైవర్ హోమ్ బయట ఆగి కూత మీద కూత. అడ్జస్టర్‌తో వైరు బిగించాలి. తెల్లవారుజామున చల్లబడ్డాక మళ్లీ వదులు చేయాలి, లేకపోతే చెయ్యి పూర్తిగా పైకి పోదు.

అసలు లోపం అది కూడా కాదు. గూడ్సు లూప్‌లో ఆగాక దాని తోక ఫౌలింగ్ మార్క్, అంటే పక్క లైను బండికి తగలకుండా ఉండే హద్దు, దాటి లోపలికి వచ్చిందా లేదా అన్నది మనిషి కన్నే తేల్చాలి. వాన కురిసే రాత్రి "సార్, తోక ఇంక లోపల పడలే, జర ముందుకు జరపమనుండ్రి" అని క్యాబిన్ నుంచి ఫోన్ వస్తే, వెనక ఎక్స్‌ప్రెస్‌ను తలచుకుని మాకు టెన్షన్.

ప్యానెల్ ఆ టెన్షన్ తీసేసింది. సిగ్నల్ బటన్, రూట్ బటన్ కలిపి నొక్కితే మోటార్లే పాయింట్లు తిప్పి తాళం వేస్తాయి, రూటంతా లైట్లు వెలుగుతాయి. తోక బయట ఉంటే, పట్టాల మీద బండి ఉందో లేదో కరెంటుతో కనిపెట్టే ట్రాక్ సర్క్యూట్ ఎర్రగా చూపిస్తుంది, మెయిన్‌కు సిగ్నల్ రాదు. ఈ ఒక్క మేలుకే నా ఓటు ప్యానెల్‌కు.

కానీ పాడైన రోజు చూడాలి. కంకరలో నీళ్లు నిలిస్తే బండి లేకపోయినా ఎరుపే చూపిస్తుంది. భద్రతకు అదే సరైన పద్ధతి, కాదనను. అయితే పాయింటు కూడా మొరాయిస్తే గొడుగు, పాయింటును చేత్తో తిప్పే క్రాంక్ హ్యాండిల్, దాన్ని బిగించే క్లాంపు, తాళం పట్టుకుని మనిషి నడిచి వెళ్లాల్సిందే. బండి దగ్గరకు వచ్చాక రూటు రద్దు చేస్తే 120 సెకన్లు కాయాలి, రద్దులు లెక్కపెట్టే కౌంటర్ నంబరు రిజిస్టర్లో ఎక్కించాలి. అన్నీ మనిషి చేతుల మీదే నడిచిన రోజుల్లో ఇలాంటి ఆలస్యానికి అందరూ అలవాటు పడి ఉండేవారు, ఇప్పుడు రెండు నిమిషాలకే బండ్ల నడకను చూసే కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్.

కొత్తగా చేరినవాళ్లు డ్యూటీ లేని పూట పాయింట్స్‌మన్‌ను వెంటబెట్టుకుని దూరపు పాయింటు దాకా ఒకసారి నడిచి రండి. "ఇంకెంతసేపు?" అని కంట్రోల్ అడిగితే చెప్పడానికి సొంత లెక్క ఉంటుంది.